నీలం ఊలు చాప

మోయెలంగి వచ్చిందని మా మరదలు తిరేసా చెప్పినప్పుడు నేను సీమపనసకాయ చెక్కు తీస్తున్నాను. చేతిలో కత్తి జారలేదు. కాయ మొత్తం చెక్కి, ముక్కలు నీళ్ళలో వేసి, అప్పుడు అడిగాను, ఎన్నాళ్ళుంటుందని. మంగళవారం పడవకి వెళ్ళిపోతుందట. తల్లి సమాధి కట్టించడానికి వచ్చిందట. జైలు వెనక పాతిన ఎముకల్ని మేనమామ ఏనాడో తెచ్చుకుని తన ఇంటిముందు పాతిపెట్టుకున్నాడు గానీ, పైన సిమెంటు వేయించలేకపోయాడు. ఇప్పుడు కూతురు న్యూజిలాండు నుంచి వచ్చి, తెల్లరంగు వేయించి, పేరు చెక్కించిందట.

ఎవరి సమాధి అని నేను అడగలేదు. ఆ పేరు ముప్పై ఏడేళ్ళుగా నా నోట్లో ఉంది. ఫువాతినో.

అది శనివారం. మంగళవారానికి మూడు రాత్రులు, మధ్యలో ఆదివారం. ఆ పిల్ల మళ్ళీ పడవెక్కితే నేను బతికుండగా తిరిగి రాదు. నాకు డెబ్బై ఒకటి. ఎవరు పడవెక్కినా నాకు గుండె దడే. మా ఇంట్లోవాళ్ళు పట్నం వెళ్ళినా నాతో చెప్పకుండా వెళ్ళి వస్తారు, ముసలిది రేవు దాకా వచ్చి పీక్కుతింటుందని.

మా ఆడవాళ్ళ జైలుకి పెద్ద గోడలేమీ ఉండేవి కావు. రేకుల కప్పు కింద పొడుగాటి ఇల్లు, చుట్టూ ముళ్ళకంచె, ఒక గేటు, చేమపాదులు. నేను పనిచేసిన రోజుల్లో ఖైదీలు ఆరుగురికి మించి ఎప్పుడూ లేరు. కాపలాకి మేమిద్దరం, మేలె అక్క, నేను. మేలె అక్క నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. బెల్టు నడుముకి చాలక పెట్టుకోవడం మానేసింది. ఖైదీల్ని పిల్లలూ అని పిలిచేది. ఇంటి నుంచి బుట్టలో తెచ్చుకున్న తిండి వాళ్ళ మధ్య కూర్చుని తినేది. వాళ్ళ తలలకి కొబ్బరినూనె రాసేది. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇలా అయితే వీళ్ళకి జైలన్న భయమేముంటుంది అనుకునేదాన్ని. నేనున్న ఏడేళ్ళలో కంచె దాటి పారిపోయింది ఒక్కతే, అదీ నా డ్యూటీలో. మేలె అక్క డ్యూటీలో ఎవరూ పారిపోలేదు. ఈ సంగతి నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నేను మామూలు ఇంటిపిల్లని. బడికి పోలేదు. చదువు నాకు నేనే నేర్చుకున్నాను, చర్చి పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, నోటికి వచ్చిన పాటని అక్షరాలతో పోల్చి చూసుకుంటూ. ఆ చదువు చూసే పాస్టరుగారు నాకు ఈ ఉద్యోగం ఇప్పించారు. అందుకని జైల్లో తప్పుల పుస్తకమంటే నాకు ప్రాణం. ఖైదీ ఏ తప్పు చేసినా పేరు, రోజు, తప్పు రాసి సంతకం పెట్టాలి. మేలె అక్క ఏడాదికి రెండు తప్పులు రాసేది. నేను వారానికి రెండు రాసేదాన్ని.

ఆ పుస్తకంలో పేరు పడితే ఆదివారం సెలవు పోతుంది. నడత బాగున్న ఖైదీల్ని ఆదివారం పొద్దున్నే ఇంటికి పంపడం మా జైలు అలవాటు. తెల్లబట్టలు కట్టుకుని చర్చికి వెళ్ళి, ఇంట్లో వాళ్ళతో కూర్చుని పొయ్యిరాళ్ళ మీద ఉడికిన మధ్యాహ్నం భోజనం తిని, చీకటి పడేలోగా వాళ్ళంతట వాళ్ళే తిరిగి వచ్చేవాళ్ళు. కొందరు మాకు కూడా ఆకులో కట్టి తెచ్చేవాళ్ళు. వారమంతా ఆ ఒక్క పూట కోసమే బతికేవాళ్ళు.

ఫువాతినోకి అప్పుడు ఇరవై ఏడు. తాగొచ్చి మీదపడ్డ మొగుణ్ణి పొయ్యిరాయితో కొట్టింది. అతనికి కన్ను పోయింది. మూడేళ్ళు శిక్ష. చేతిలో పనితనం ఉంది. మొగలి ఆకుని నానబెట్టి, ఎండబెట్టి, గుల్లతో గీకి, దారం కంటే సన్నంగా చీల్చి చాప అల్లేది. ఆ చాపలు కూర్చోవడానికి కాదు. పెళ్ళిళ్ళకి, చావులకి, పెద్దరికం ఇచ్చే వేడుకలకి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి గౌరవంగా నడుస్తాయి. ఒక్కటి అల్లడానికి ఏడాది పడుతుంది. ఆమె ఒక్కగానొక్క కూతురు ఆరేళ్ళ మోయెలంగి కోసం ఒకటి మొదలుపెట్టింది. ఆ పిల్లని మేనత్త న్యూజిలాండు తీసుకుపోయి పెంచుతానని అడిగింది. సరే అనక తప్పలేదు. ఇంట్లో కన్ను పోయిన తాగుబోతు, తల్లేమో జైల్లో.

మధ్యాహ్నాలు వాళ్ళతో కూర్చుని నేనూ అల్లడానికి చూసేదాన్ని. ఒకసారి ఫువాతినో నా చేతిలో ముక్క తీసుకుని వెలుతురుకి ఎత్తి చూసింది. "తలోసంగక్కా, దీంతో చేపలు పట్టొచ్చు. చిన్నవి జారిపోతాయనుకో, పెద్దవి ఆగుతాయి" అంది.

అందరూ నవ్వారు. మేలె అక్కయితే కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేనూ నవ్వాను. అంతే జరిగింది. ఒక మనిషి జీవితంలో నేను చేసినదానికి కారణం వెతికితే ఇంతకంటే పెద్దది దొరకదు.

ఆ పిల్ల సోమవారం తెల్లవారుజామున పడవెక్కాలి. ముందురోజు ఆదివారం సెలవుకి పెద్దధికారి కాగితం మీద సంతకం పెట్టి, పట్నంలో పని ఉండి వెళ్ళిపోయాడు. శనివారం సాయంత్రం లెక్కకి అందరూ వరసలో నిలబడ్డారు. ఫువాతినో రాలేదు. వెళ్ళి చూస్తే చాప మూలన చివరి ముడులు వేస్తోంది. అంచుకి ఎర్ర ఈకలు కట్టాలి గానీ జైల్లో ఈకలెక్కడివి. జైలు దుప్పటి అంచులో ఉన్న నీలం ఊలుదారం లాగి ఒక మూలన కుచ్చులా కట్టింది. బాగుందా అక్కా అని అడిగింది కూడా.

నేను పుస్తకం తెరిచాను. ప్రభుత్వ దుప్పటి పాడు చేసింది, లెక్కకి ఆలస్యంగా వచ్చింది అని రాశాను. ఒక్క అక్షరం కొట్టివేత లేకుండా, గుండ్రంగా.

మేలె అక్క నా వెనక నిలబడి చదివింది. "రాయకే తలో. ఎల్లుండి పిల్ల వెళ్ళిపోతోంది" అంది.

రాసేశాను అన్నాను.

"ఆ కాగితం చింపి నా పేరు చెప్పు. గేటు నేనే తీస్తాను, నువ్వు చర్చికి పో."

నేను తాళాలు నా బెల్టుకే ఉంచుకున్నాను. ఆమె నా చేతిలోంచి లాక్కుని ఉండాల్సింది. లాక్కోలేదు. తన జీవితంలో తను చేసిన తప్పు అదేనని చచ్చిపోయేముందు నాతో అంది. నా తప్పు గురించి ఒక్క మాట అనలేదు.

ఆదివారం ఫువాతినో తెల్లబట్టలు కట్టుకుని పొద్దున్నుంచీ కంచె దగ్గర కూర్చుంది. చర్చి గంట మోగింది, పాటలు వినిపించాయి, పొయ్యిల పొగ లేచింది. మధ్యాహ్నం దాటాక మేనత్త పిల్లని తీసుకుని రోడ్డు మీదకి వచ్చింది. పిల్ల కొత్త బూట్లు వేసుకుంది, వాటితో నడవడం చేతకాక కాళ్ళు ఎత్తెత్తి వేస్తోంది. కంచెకి వాళ్ళకి మధ్య ఇరవై అడుగులుంటాయి. ఖైదీల్ని చూసే రోజు నెలలో మొదటి శనివారమని నేను చెప్పాను. మేనత్త బతిమాలింది. పిల్ల తల్లి వైపు చెయ్యి ఊపింది. తల్లి ఊపింది. కంచె దగ్గరికి రానివ్వలేదు నేను. తిప్పి పంపేశాను.

వాళ్ళు మలుపు తిరుగుతుండగా ఫువాతినో చాప మడిచి గేటు సందులోంచి నాకు అందించింది. అరవలేదు, తిట్టలేదు. "నన్ను పంపకపోతే పోనీ. ఇదన్నా నీ చేత్తో ఇయ్యక్కా. పరిగెడితే అందుతారు" అంది.

తీసుకున్నాను. పది అడుగులు వేశాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది, జైల్లో చేసిన వస్తువు రాత లేకుండా బయటికి పోకూడదని. ఆగాను. వాళ్ళు మలుపు తిరిగిపోయారు. చాప సామాన్ల గదిలో పెట్టాను. పెద్దధికారి వచ్చాక అడిగి రేవుకి పంపుదామనుకున్నాను అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఆయన వచ్చేది బుధవారమని నాకు తెలుసు.

ఆ సాయంత్రం ఆమె అడిగింది, అందిందా అక్కా అని. అందింది అన్నాను.

ఆ మాటతో ఆమె నాకు దగ్గరైంది. నేను గేటు తియ్యకపోయినా చాప ఇచ్చానని లోపల నా మీద దయ పెట్టుకుంది. తర్వాత సెలవు దొరికిన ఆదివారాల్లో నాకు ఆకులో కట్టి చేపముక్క తెచ్చేది. తన పిల్ల ఆ చలిదేశంలో చాప కింద ముడుచుకుని పడుకుంటుందని అందరికీ చెప్పేది, తలోసంగక్క పరిగెత్తి ఇచ్చింది అని చెప్పేది. నేను వింటూ ఉండేదాన్ని. ఆ చేపముక్కలు తిన్నాను. తినకపోతే ఎందుకు తినలేదని అడుగుతుందని తిన్నాను.

చాప మాత్రం ఎనిమిది నెలలు గదిలోనే ఉంది. మా తమ్ముడు సాకారియా పెళ్ళికి మా ఇంట్లో చెప్పుకోదగ్గ చాప లేదు. అమ్మ ఏడుస్తోంది. ఒక రోజు బుట్టలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను, ఒక ఖైదీ నా మీద ఇష్టంతో ఇచ్చిందన్నాను. అది పెళ్ళిలో తిరేసా వాళ్ళ ఊరికి వెళ్ళిపోయింది. ఆ రోజు ఊరంతా మా ఇంటి చాపని మెచ్చుకుంది.

ఫువాతినో ఆ మరుసటి ఏడు వానల్లో ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. మేలె అక్క ఆమెకి ఒళ్ళు తుడిచేది, నేను నీళ్ళు పట్టేదాన్ని. చివరి రోజున నా చెయ్యి పట్టుకుంది. ఏదో అంటుందని భయపడ్డాను. "నువ్వు ఇచ్చావు, చాలు" అంది.

ఇదీ సంగతి. శనివారం రాత్రి ఇందులో సగమే సాకారియాకి చెప్పాను. సెలవు ఆపానని చెప్పాను, పిల్లని తిప్పి పంపానని చెప్పాను. చాప మాట చెప్పలేదు. మోయెలంగి మేనమామ గుమ్మం ముందు వంగుదామన్నాను.

వంగడమంటే మా దగ్గర ఒక్కరు చేసేది కాదు. తప్పు చేసినవాళ్ళ ఇల్లంతా తెల్లవారకముందే వెళ్ళి, నష్టపోయినవాళ్ళ ఇంటిముందు తలలు వంచుకుని కూర్చుంటుంది. తప్పు చేసిన మనిషి తల మీద ఇంట్లోకెల్లా మంచి చాప కప్పుతారు. ముందు కట్టెలు, పొయ్యిరాళ్ళు, అరటాకులు పెడతారు, మమ్మల్ని కాల్చుకు తిన్నా మీ ఇష్టమని. లోపలివాళ్ళు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. చాప వాళ్ళదవుతుంది. ఆ తర్వాత ఆ మాట ఇరువైపులా ఎవరూ ఎత్తకూడదు. చాప ఎత్తకపోతే ఎండలో అలాగే కూర్చోవాలి.

సాకారియా ఇంటిపెద్ద, అతను రాకపోతే కుదరదు. ముందు ఒప్పుకోలేదు. "గవర్నమెంటు జీతం తీసుకుని గవర్నమెంటు చెప్పింది చేశావు. దానికి మా మోకాళ్ళు అరగాలా అక్కా?" అన్నాడు. గవర్నమెంటు చెప్పలేదురా, నేనే చేశాను అన్నాను. ముప్పై ఏడేళ్ళు ఆగినదానివి మంగళవారం దాకా ఆగలేవా అని గొణిగి, సరే అన్నాడు. చాప తనే చూస్తానని తిరేసా అంది. కిందటేడు వాళ్ళ నాన్న చావుకి వాటాగా వచ్చినదొకటి పెట్టెలో ఉందట, ఊళ్ళో అంత సన్నటిది లేదట. ఎవరు అల్లారో ఏమో వదినా, పట్టులా ఉంటుంది అంది.

నేను పెట్టె తెరిచి చూడలేదు. చూడాల్సింది.

సోమవారం తెలవారకముందే వెళ్ళాం. తొమ్మిదిమందిమి. ఇంకా మసకగానే ఉంది. కొత్త సమాధి తెల్లగా కనిపిస్తోంది, దాని పక్కనే రాళ్ళ నేల మీద కూర్చున్నాను. సాకారియా రాళ్ళు పేర్చాడు. తిరేసా చాప విప్పి నా తల మీద కప్పింది. తేలిగ్గా ఉంది, నూనె వాసన వేసింది.

తెల్లవారింది. చాప కింద వెలుతురు తేనెరంగులో ఉంది. ఇంట్లో ఎవరో లేచారు, కుక్క మొరిగింది, తెరలు పైకి చుట్టిన చప్పుడైంది. మమ్మల్ని చూసి లోపల గుసగుసలాడుకున్నారు. నేను తల వంచుకుని నా మోకాలి మీద పడ్డ చాప మూల వైపు చూస్తున్నాను. అంచంతా ఎర్ర ఈకలు, తర్వాత ఎవరో కట్టించినవి. ఆ మూలన మాత్రం ఈకల సందులో నీలం ఊలు కుచ్చు, రంగు వెలిసి బూడిదగా మారింది గానీ నీలమే. నాలుగు ముడులు. వాటి మీద ఫువాతినో వేళ్ళు కదులుతుండగానే నేను పుస్తకం తెరిచాను.

ఎన్ని ఊళ్ళు తిరిగిందో. ఎన్ని శవాల పక్కన పరిచారో. తిరిగి నా తల మీదకే వచ్చింది.

మొదట నాకు వచ్చిన ఆలోచన చెప్పాలి, చెప్పకపోతే ఈ కథ రాయడం దండగ. మంచిదే అనుకున్నాను. ఇప్పుడు మోయెలంగి వచ్చి చాప ఎత్తుతుంది, చాప ఆమెదవుతుంది, తల్లి పంపినది కూతురికి చేరిపోతుంది. నేను నోరు విప్పక్కర్లేదు. అందింది అన్న నా మాట అబద్ధం కూడా కాకుండా పోతుంది. ఎంత చక్కగా కుదిరిందో అనిపించింది. దేవుడే కుదిర్చాడని కూడా అనుకున్నాను, అంత సిగ్గులేకుండా.

అప్పుడు లోపలి నుంచి అడుగులు వినిపించాయి. ఒక ఆడమనిషి అడుగులు, చెప్పులు లేకుండా. రాళ్ళ మీద నడవడం అలవాటు తప్పిన కాళ్ళు, ఎత్తెత్తి వేస్తోంది. నా ముందు ఆగింది. సాకారియా మా ఇంటి తరఫున మాట్లాడాడు, మా అక్క మీ అమ్మకి ఆదివారం ఇవ్వలేదు, మమ్మల్ని ఏం చేసినా మీ దయ అని. ఆమె వంగింది. చాప రెండంచులూ ఆమె చేతుల్లోకి వెళ్ళాయి, కొంచెం పైకి లేచాయి, నా మోకాళ్ళ మీద ఎండ పడింది.

చాప కింద ఉన్నవాళ్ళు మాట్లాడకూడదు. అది మా పద్ధతి.

"ఎత్తకమ్మా" అన్నాను. "ఇంకా ఎత్తకు."

చేతులు ఆగాయి. వెనక సాకారియా అక్కా అని పళ్ళ మధ్య నుంచి అన్నాడు.

"ఈ చాప మాది కాదు. మీ అమ్మది. నీకోసం అల్లింది. ఆ రోజు గేటు సందులోంచి నాకిచ్చింది, పరిగెత్తి నీకిమ్మని. నేనివ్వలేదు. ఇచ్చానని చెప్పాను. చచ్చిపోయేదాకా నమ్మింది. తర్వాత మా తమ్ముడి పెళ్ళికి నేనే దొంగిలించుకుపోయాను. ఆ నీలం దారం జైలు దుప్పటిది, ఆ దారానికే నీ ఆదివారం తీసేశాను."

నా వెనక తిరేసా ఏడవడం మొదలుపెట్టింది, తన పెళ్ళి చాప గురించి. మోయెలంగి చేతులు అంచులు వదిలేశాయి. చాప మళ్ళీ నా మీద పడింది. అడుగులు లోపలికి వెళ్ళిపోయాయి.

ఎండ పైకెక్కింది. సాకారియా వెళ్ళిపోతాడనుకున్నాను, వెళ్ళలేదు. నా మోకాళ్ళు మొద్దుబారాయి. చాప కింద చెమట పట్టి, ఆమె చాప నా చెమటతో తడుస్తోందని ఒకటే బాధ. తియ్యడానికి నాకు హక్కు లేదు.

పొద్దు నడినెత్తికి వచ్చాక అడుగులు మళ్ళీ వచ్చాయి. ఈసారి ఆగలేదు. చాప ఒక్కసారిగా నా తల మీద నుంచి లేచిపోయింది. ఎండకి కళ్ళు మూసుకుని తెరిచాను. మోయెలంగి నిలబడి ఉంది, నలభై మూడేళ్ళ మనిషి, నుదురంతా తల్లిదే. నా వైపు చూడటం లేదు. చాప మూల వేళ్ళతో వెతుక్కుంటోంది. నీలం కుచ్చు దొరికింది. నాలుగు ముడుల మీదా బొటనవేలు ఒక్కొక్కటిగా నడిపింది.

"నాకు బూట్లే గుర్తున్నాయి" అంది. మా భాష తడుముకుంటూ మాట్లాడింది. "అమ్మ మొహం గుర్తులేదు. బూట్లు కరిచాయి, అదే గుర్తుంది."

చాప మడిచి చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళింది.

చాప ఎత్తారు, ఇక లేవండని వాళ్ళ మేనమామ మమ్మల్ని లోపలికి పిలిచి భోజనం పెట్టాడు. సాకారియా తలెత్తి అందరితో మాట్లాడాడు. క్షమించారు, అయిపోయింది, ఇక ఆ మాట మన ఇంట్లో వద్దని దారిలో నాతో అన్నాడు. తిరేసా కూడా అలాగే అంటుంది. వాళ్ళకి తెలుసో తెలియదో గానీ నేను దగ్గరగా చూశాను. ఆ అమ్మాయి నన్ను క్షమించడానికి చాప ఎత్తలేదు. తన చాప తను తీసుకుంది.

ఆ మాట ఎత్తకూడదన్న పద్ధతి ఉంది. అయినా రాస్తున్నాను. మా ఇంట్లో దీన్ని చదివేవాళ్ళు లేరు.

మంగళవారం రేవుకి వెళ్ళాను, కొబ్బరిబస్తాల వెనక నిలబడ్డాను. పెట్టెలన్నీ పడవ అడుగుకి దింపుతున్నారు. చాప కూడా ఇమ్మని పడవవాడు చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. రెండు చేతులతో గుండెకి హత్తుకుని, రేవు నుంచి పడవకి వేసిన పలక ఎక్కింది. పడవ కదిలాక ఒడ్డు మీద మేనమామ వాళ్ళకి చెయ్యి ఊపింది. నేనూ ఊపబోయాను. చెయ్యి నడుము దాకా వచ్చి, తాళాలుండే చోట ఆగిపోయింది.